చీకటి ధర

నగరంలో కాపురం పెట్టినవారి సంభాషణ ఎక్కడ మొదలైనా చివరకు ఇంటి ఖర్చుల దగ్గరకు వచ్చి ఆగుతుంది. బియ్యం ఏ వీధిలో చవక, నూనె డబ్బాగా కొంటే ఎంత మిగులుతుంది, కూరలకు ఏ పూట బయలుదేరాలి - ఇవి తెలిసినవాడు గృహస్థు, తెలియనివాడు అమాయకుడు. హైదరాబాదులో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న నేను ఈ విద్యలో మరీ వెనుకబడినవాడిని కాను. దీనిని నాకు నేర్పినది మా అమ్మ. నేర్చిన చోటు బస్తరులో, ఇంద్రావతి ఒడ్డున ఉన్న జగ్దల్‌పూరు. ఆమె తన పొదుపుకు ఒక హద్దు గీసుకొన్నది. అటువంటి హద్దును గురించి నగరంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

1960వ దశకం చివరి రోజులవి. మా నాన్న బడిపంతులు. సంస్థానం 1948లో దేశంలో విలీనమైన తరువాత ఏర్పడిన బస్తరు జిల్లా అప్పట్లో వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది. మా ఇంటికి కావలసిన బస్తరు మాత్రం ఆదివారపు సంతలో ఇమిడిపోయేది. నాన్న జీతం ఇరవయ్యో తేదీ దాటేది కాదు. అందుచేత కొనవలసిన వస్తువుల సంఖ్యనే అమ్మ తగ్గించివేసింది. చుట్టాలు వస్తే అడ్డాకు విస్తళ్ళు, దొన్నెలు. అంట్లకు పొయ్యిలోని బూడిద. దీపానికి ఇప్పగింజల నూనె. నీళ్ళు చల్లగా ఉండడానికి ఎండబెట్టిన సొరకాయ బుర్ర. వేసవిలో మధ్యాహ్నపు తిండి సగం రోజులు చోడి అంబలే. అంబలిని అక్కడ ‘పేజ్’ అంటారు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి, బొంతలు చిరిగితే మసిగుడ్డలయ్యేవి. ఇందులో గొప్ప ఏమీ లేదు. ఆ ఊరిలో చిన్న జీతగాళ్ళ ఇళ్ళన్నీ ఇలాగే నడిచేవి.

సంతలో కాటా కంటె కొలపాత్రకే మన్నన ఎక్కువ. చిన్న కొలత ‘సోలి’, పెద్దది ‘పైలి’. హైదరాబాదు వచ్చిన కొత్తలో ఒక ముసలమ్మ ‘సోలెడు బియ్యం’ అనగా విని, మా ఊరివారెవరో వచ్చారేమోనని వెనుదిరిగి చూశాను.

అమ్మ పొదుపు లొంగని వస్తువు ఒక్కటి ఉండేది. తొలకరి పడగానే సాల వృక్షాల క్రింద నేలలో ‘బోడా’ అనే పుట్టగొడుగు పుడుతుంది. మొదటి వారంలో దాని ధర విన్నవాడికి మాంసం చవకగా కనిపిస్తుంది. అయినా ఒక్క దొన్నెడు ఇంటికి రావలసిందే. నాన్న ఏమన్నా ఆమె సమాధానం చెప్పేది కాదు. తరువాతి రెండు వారాలు కూరలో నూనె పలచబడేది. లెక్క సరిపోయేది.

ఇక హద్దు సంగతి. సంతకు సరుకు తెచ్చే ఆదివాసులు కోసుల కొద్దీ నడిచి వచ్చేవారు. పురుషులు కావడితో, స్త్రీలు తలమీద గంపతో. ప్రొద్దు వాలేసరికి వారికి తిరుగు ప్రయాణపు తొందర. మిగిలిన సొరకాయలు, చింతపండు, చేపలు మళ్ళీ మోసుకొని అడవి దారిని పోలేరు. చేపలైతే ఇల్లు చేరేలోపలే పాడవుతాయి. అందుచేత ఉదయం ఎనిమిదణాలు చెప్పిన కుప్ప సాయంకాలం నాలుగణాలకు, ఇంకా ఆగితే రెండణాలకు దిగేది. మా వీధిలోని గృహిణులు చాలామంది ఈ రహస్యం ఎరిగినవారే. దీపాలు పెట్టే వేళకు సంచులు పట్టుకొని బయలుదేరేవారు. మా ప్రక్కింటావిడ ఇందులో నేర్పరి. ఒక గంప దగ్గర ధర అడిగి, పెదవి విరిచి, నాలుగు గంపలు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేది. ఆ మధ్య గడిచిన పావుగంటే ఆమె లాభం.

అమ్మ ఉదయమే వెళ్ళేది. బేరమాడేది కూడా, గట్టిగానే. సాయంకాలం మాత్రం సంతలో అడుగుపెట్టేది కాదు. దీనిమీద ఇంట్లో తరచు వాదం జరిగేది. నాన్న మాటలో బలం లేకపోలేదు: “మనం ధర్మసత్రం నడపడం లేదు. మనం కొనకపోతే ఆమె ఆ కూరను దారిలో పారవేసి పోతుంది. రెండణాలైనా దక్కనియ్యి.” అమ్మ ఒకసారి మాత్రం జవాబిచ్చింది: “అది కూర ధర కాదు, చీకటి ధర. చీకటిని నేను కొనను.” నాన్న వాదం తప్పని ఈనాటికీ నేను ఋజువు చేయలేను. నెలకు రెండు మూడు రూపాయలు ఆ పట్టుదలకు ఖర్చయ్యేవి. మా ఇంట్లో అది తేలిక మొత్తం కాదు; నా చెప్పులు రెండు సంవత్సరాలు నడిచినది ఆ లెక్కలోనే.

అమ్మ పట్టుదలకు వెనుక ఒక పాత కథ ఉన్నది. బస్తరులో ఉప్పు పుట్టదు. పూర్వం బంజారాలు ఎద్దుల మీద వేసుకొని తెచ్చేవారు. ఉప్పు చేతిలో ఉన్నవాడిదే సంత. అడవిలో చెట్టు చెట్టూ తిరిగి ఏరి, పగులగొట్టి తీసిన సారపప్పును సమతూకం ఉప్పుకు ఇచ్చివేసిన రోజులు చాలాకాలం నడిచాయి. నేడు నగరంలో కిలో సారపప్పు ఖరీదుకు ఎన్నో పదుల కిలోల ఉప్పు వస్తుంది. కోచియా అనే దళారి సంత దాకా కూడా రానిచ్చేవాడు కాదు. దారిలోనే ఎదురేగి గంప దింపించుకొనేవాడు. ఉప్పు లేనివాడికి బేరం ఆగదు, ఇల్లు దూరమైనవాడికీ ఆగదు. అమ్మ ఈ రెండింటినీ ఒకే గాటను కట్టింది.

కాలం కొంత మారింది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. పేద కుటుంబాలకు రేషను దుకాణంలో ఉప్పు ఉచితంగా అందింది. చింతపండుకు, సారపప్పుకు కేంద్ర ప్రభుత్వం 2013-14 నుండి కనీస మద్దతు ధర ప్రకటించింది. ప్రకటించిన ధర గంప దగ్గరకు చేరేసరికి ఎంత మిగులుతుందనేది వేరే ప్రశ్న.

హైదరాబాదులో నేను కూరలు రైతు బజారులో కొంటాను. 1999లో మొదలైన ఈ బజార్లలో ధర టోకు కంటె ఎక్కువగా, చిల్లర కంటె తక్కువగా ఉండేటట్లు నిర్ణయించి పలకమీద వ్రాస్తారు. ఇక్కడ నాకు మిగిలేది దళారి వాటాలోనిది కనుక మనస్సుకు హాయి. కాని ఊరి బస్సు వేళ దగ్గరపడేసరికి పలకమీది ధర పలకమీదే ఉండిపోతుంది. మావాళ్ళలో కొందరు సరిగా ఆ వేళకే బయలుదేరుతారు. వారికి నేను నీతులు చెప్పను. పింఛనుతో అద్దె యింట్లో బ్రతికేవాడికి పది రూపాయలు పది రూపాయలే. నేను ఉదయం వెళ్తాను, అంతే.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదం చింతపండును గురించినది. జగ్దల్‌పూరు చింతపండుకు పెద్ద మండీ. అక్కడ గింజ తీసే పని చేసేది స్త్రీలు. కూలి కిలో లెక్కన. గింజతో కొని ఇంట్లో తీసుకొంటే ఏడాదికి కొంత డబ్బు మిగులుతుందని నా భార్య సూచించింది. నిరుడు వేసవిలో మా మనుమరాలు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని తీసింది. గోళ్ళ సందులు మండాయి. తూచి చూస్తే రెండు కిలోలు కూడా లేదు. “దీనికి అక్కడ వాళ్ళకు ఎంత ఇస్తారు తాతయ్యా?” అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. మనం తీసుకొంటే డబ్బు మిగిలేది మనకు, పని పోయేది వాళ్ళకు కదా అన్నది. ఇంత తక్కువ కూలికి చేయించడం కంటె పోవడమే మేలేమో అని మళ్ళీ తానే అన్నది. ఈ సంవత్సరం సరుకు ఇంకా కొనలేదు.