పాలారు వెంట పట్టుచీర

నందికొండలలో జనించి, బేతమంగలము చెరువును నింపి, రామకుప్పము దాపున తెలుగునేల ప్రవేశించు పాలారు, తన 348 కిలోమీటర్ల ప్రస్థానములో మన సీమయందు గడపునది 33 కిలోమీటర్లు మాత్రమే. క్షీరనది యని పేరే గాని, ఈ భాగమున ఏటిలో నీటికంటె ఇసుకయే మిక్కుటము. అయినను, దక్షిణాపథమున వధువులు ధరించు కంచిపట్టు చరిత్రను వ్రాయబూనువారు కంచిలో గాక, ఈ మెట్టసీమ మల్బరీ తోటలయందే మొదలిడవలెనని నా దృఢవిశ్వాసము.

కుప్పము, రామకుప్పము, పలమనేరు పల్లెలలో పట్టుపురుగుల పెంపకమున చాలభాగము స్త్రీల చేతిమీదుగనే జరుగును. ప్రొద్దు పొడవకమున్నే ఆకు కోసి తెచ్చి, వేళ తప్పక మేపుచు, ఎండవేడిమినుండి కాపాడుచు, రైతులు జ్వరములని చెప్పుకొను నాలుగు కుబుసములను దాటించి, రమారమి 25 దినములకు పండిన పురుగులను గూళ్ళల్లు తట్టలగు చంద్రికలపై విడుతురు. రెండుమూడు దినములలో పురుగు తెగని యొక్క పోగుతో గూడల్లుకొనును. ఆ పోగు నిడివి వేయి మీటర్లకు సైతము చేరును. ఇంతటి పని సేయు ఇల్లాలు కట్టునది కుచ్చెళ్ళు ఎగదోపిన నూలుచీర. వస్త్రవైభవమును వర్ణించువారు ఆమెను విస్మరించుట అన్యాయము.

గూళ్ళు బండ్లపై విపణికి పోవును. ఏరు మాత్రము వాణియంబాడి, ఆంబూరుల తోళ్ళ పరిశ్రమల మాలిన్యమును మోయుచు, ఆర్కాటు దాటి కాంచీమండలము చేరును. ఉపనదియగు వేగవతి ఒడ్డున వెలసిన కంచినగరమున తెలుగు మాతృభాషగాగల దేవాంగులును పద్మశాలీలును మగ్గములు నడపిరి. ఒడలి రంగు వేరు, అంచు రంగు వేరు కాగా, మూడు నాడెలతో నేయుచు, ప్రతి పేకపోగునకును రెంటిని పెనవేయు ‘కొర్వై’ పద్ధతియే ఆ చీరకు ప్రాణము. చెంగు రంగు మార్చునపుడు పాతపడుగునకు క్రొత్తపడుగును పోగు పోగునకు కలుపుదురు. ఆ ఓర్పును తలచినపుడెల్ల చేతులు జోడింపబుద్ధి పుట్టును.

వాయలూరు కడ ఏరు సముద్రమున గలియును. సమీపమునగల సద్రాసులో డచ్చివారు కోట గట్టి, సన్నని మస్లిను బట్టలను ఓడలకెక్కించిరి. ఉత్తరమున, మద్రాసులో, పట్టువర్తకమునకు పేరొందిన అర్మేనియనులు స్థిరపడి, 1794లో తమ భాషలో ప్రపంచమునకెల్ల తొలి పత్రికయగు ‘అజ్దరార్’ను వెలువరించిరి. వారి స్వదేశమున స్త్రీలు ధరించిన వెండి నడికట్టు మన వడ్డాణమునకు తోబుట్టువు. ఆ దేశపు వేషములను ప్రాచీనకాలమునుండి నేటివరకు చిత్రించి, అరకెల్ పాత్రిక్ 1967లో గ్రంథముగ ప్రకటించెను. అట్టి చిత్రసంపుటము పాలారుతీర స్త్రీలకును కావలెను. పల్లెలును మగ్గములును తిరిగి, వృద్ధస్త్రీల కట్టుబొట్టులను వారు జీవించియుండగనే వారినడిగి వ్రాసికొనవలెను.