పంచమ కారణము: పరాజయమున సమత్వము

కర్మ ఫలించుటకు శ్రీమద్భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము అయిదు కారణములను పేర్కొన్నది. దేహమను అధిష్ఠానము, కర్త, ఇంద్రియాది కరణములు, వివిధములైన చేష్టలు, అయిదవది దైవము. ఈ అయిదవదానిని శంకర భగవత్పాదులు ఇంద్రియములను అనుగ్రహించు అధిష్ఠాన దేవతలుగాను, భగవద్రామానుజులు అంతర్యామియైన పరమాత్మగాను వ్యాఖ్యానించిరి. వ్యాఖ్యానమేదైనను సాధకునికి అందు సారము ఒక్కటే: ప్రయత్నము ఎంత నిర్దుష్టమైనను, ఫలమును నిర్ణయించు కారణములలో ఒకటి అతని చేతిలో లేదు. తానొక్కడే కర్తనని తలచువాడు ఉన్నదానిని ఉన్నట్లు చూడజాలడని అదే అధ్యాయము వెనువెంటనే హెచ్చరించుచున్నది.

ఈ సత్యమును వినుట సులభము. ఓటమి ఎదురైన క్షణమున దానిని నిలుపుకొనుట దుష్కరము. నిత్యజీవితమున ఫలము ఆలస్యముగా వచ్చును. కారణములు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండును. ఉద్యోగము పోయినవాడు అందు తన లోపమెంతో, విధివిలాసమెంతో విడదీసి చూపలేడు. కాని ఆ విభజన అంకెలతో సహా కనబడు స్థలము ఒకటి ఉన్నది. అది ఆశ్రమము కాదు, దేవాలయము కాదు. పోకర్ అను పేకాట బల్ల.

జూదము నుండి తత్త్వము నేర్వవచ్చునా అను శంక సహజము. భాగవత ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను గూర్చి చెప్పినపుడు, వారిలో పింగళ అను వేశ్యను కూడ చేర్చెను. ధనికుడైన విటుని కొరకు అర్ధరాత్రి వరకు వేచి, ఆశ తెగిన మీదట ఆమె సుఖముగా నిద్రించెను. అవధూత ఆమె వృత్తిని మెచ్చలేదు. ఆ రాత్రి ఆమె మనస్సున జరిగిన మార్పును మాత్రము గ్రహించెను. ఋగ్వేద దశమ మండలములోని అక్షసూక్తము జూదరి దైన్యమును అతని నోటనే పలికించి, పాచికలను విడిచి పొలము దున్నుకొమ్మని హితవు చెప్పినది. శాస్త్రము జూదమును నిషేధించినది. అయినను జూదరి మనస్సును పరిశీలింపక విడువలేదు.

టెక్సాస్ హోల్డెమ్ అను పోకర్ ఆటలో ప్రతి ఆటగానికి రెండు ముక్కలు రహస్యముగా పంచబడును. పిదప బల్లపై అయిదు ఉమ్మడి ముక్కలు మూడు విడతలుగా తెరువబడును: తొలుత మూడు, తరువాత ఒకటి, కడపట ఒకటి. ఈ ఏడింటి నుండి మేలైన అయిదింటి కూర్పు ఎవరిదో వారిదే గెలుపు. ప్రతి విడతయందును పందెము పెంచవచ్చును, ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. టోర్నమెంటులో అందరును ఒకే ప్రవేశ రుసుము చెల్లించి, సమానమైన చిప్పులతో ఆరంభింతురు. పునఃప్రవేశము లేని పోటీలో చిప్పులన్నియు పోయినవాడు లేచి వెళ్లవలసినదే. బహుమతి సాధారణముగా పాల్గొన్నవారిలో 10 నుండి 15 శాతము మందికే దక్కును. కనుక నిపుణునికి సైతము అధిక దినములు రిక్తహస్తములతోనే ముగియును.

ఒక ఉదాహరణము పరిశీలింపదగినది. ఒకని చేతిలో రెండు ఆసులు, ఎదుటివాని చేతిలో రెండు రాజులు ఉన్నవనుకొనవలెను. ఉమ్మడి ముక్కలు తెరువక మునుపే ఇద్దరును తమ చిప్పులన్నింటిని ఒడ్డిరి. ఆసులవానికి గెలుపు అవకాశము సుమారు 82 శాతము. ఇంతకన్న మేలైన స్థితి ఈ ఆటలో అరుదు. అయినను నూరు మార్లలో సుమారు 18 మార్లు అతడు ఓడును. ఇంతటి అనుకూల స్థితిలో నాలుగు మార్లు సర్వస్వము ఒడ్డినచో, నాలుగింటను నిలుచు అవకాశము 45 శాతము మాత్రమే. అనగా ఏ తప్పును చేయక, ప్రతి మారును ఉత్తమ నిర్ణయమునే తీసికొన్నవాడు సైతము సగముకన్న ఎక్కువ మార్లు ఎక్కడనో ఒకచోట పతనమగును. పంచమ కారణము ఇచట శ్రద్ధతో నమ్మవలసిన విషయముగా కాక, లెక్కకు అందు యథార్థముగా నిలిచియున్నది.

అట్టి ఓటమి తరువాత ఆటగానిని ఆవహించు స్థితికి పోకర్ పరిభాషలో 'టిల్ట్' అని పేరు. పిన్‌బాల్ యంత్రమును కోపముతో కుదిపినచో 'టిల్ట్' అను గుర్తు వెలిగి, మీటలు పనిచేయుట మానును. పేరు అచటి నుండి వచ్చినది. ఆ యంత్రమువలెనే మనిషి బుద్ధియు స్తంభించును. అతడు పడవేయదగిన ముక్కలతో పందెము కాయును, తనను ఓడించినవానినే వెంటాడును, పోయినదానిని ఒక్క క్షణమున రాబట్టదలచును. ఓడించినది ఒక్క ముక్క. నశింపజేయునది దాని తరువాతి అరగంట.

గీత ద్వితీయాధ్యాయమున వర్ణితమైన పతన సోపానము ఈ స్థితికి అక్షరాల సరిపోవును. విషయమును పదే పదే తలచుటచే సంగము, సంగముచే కామము, కామముచే క్రోధము, క్రోధముచే సమ్మోహము, సమ్మోహముచే స్మృతిభ్రంశము, దానిచే బుద్ధినాశము. పోయిన చిప్పులను తలచుకొనుట తొలి మెట్టు. వానిని తిరిగి పొందవలెనను తపన కామము. అది తీరకపోగా పుట్టునది క్రోధము. ఇందు మిక్కిలి గమనింపదగినది స్మృతిభ్రంశము. శాస్త్రాచార్యోపదేశముల సంస్కారమువలన కలిగిన జ్ఞాపకమే ఇచట స్మృతియని శంకరుల భాష్యము. టిల్ట్‌లో పడినవానికి లెక్కలు తెలియక కాదు; నిన్న తాను ఇతరులకు బోధించిన లెక్కయే నేడు అతనికి జ్ఞప్తికి రాదు. జ్ఞానము నశించుటకు మునుపు జ్ఞానమునకు దారి మూసుకొనును. కావుననే సమత్వము అలంకారము కాదు. ఉన్న జ్ఞానము ఉపయోగపడుటకు అది తొలి నియమము.

ఇతిహాసము దీనికి రెండు సాక్ష్యములను పక్కపక్కనే నిలిపినది. సభాపర్వమున ధర్మరాజు ఓడిన ప్రతిసారియు మరింత పెద్ద పణమును ఒడ్డెను. ధర్మమూర్తియని కీర్తిపొందినవానికి సైతము ఆ ధారను ఆపుట సాధ్యము కాలేదు. అరణ్యపర్వమున బృహదశ్వుడు అతనికి నలోపాఖ్యానమును వినిపించెను. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు చెట్టును కూల్చి లెక్కించి, ఆ మాట సత్యమని తెలిసికొనెను. పిదప అక్షహృదయమను విద్యను ఋతుపర్ణుని నుండి గ్రహించెను. ఆ విద్య లభించిన క్షణముననే కలిపురుషుడు నలుని దేహమును వీడి వెలువడెను. ఆవేశము పోయినది మంత్రముచే కాదు, గణన జ్ఞానముచే. యాదృచ్ఛికమునకును ఒక లెక్క ఉన్నదని గ్రహించినవానిని కలి పట్టి ఉంచలేడు.

అయితే ప్రతి ఓటమిని దైవమునకు అంటగట్టుటయు అజ్ఞానమే. రెండు ప్రసిద్ధ పరాజయములు ఈ భేదమును విశదపరచును. 1987లో అమెరికా షేరు మార్కెట్ కుప్పకూలిన పిదప ఎరిక్ సైడెల్ అను న్యూయార్కు వ్యాపారి తన కొలువును కోల్పోయెను. మరు సంవత్సరము లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ ప్రధాన పోటీలో 167 మంది పాల్గొనగా, ఆయన తుది ఇద్దరిలో ఒకడుగా నిలిచెను. కడపటి ఆటలో ప్రత్యర్థి జానీ చాన్‌కు తొలి మూడు ఉమ్మడి ముక్కలతోనే వరుస కుదిరినది. అయినను చాన్ బలహీనునివలె మిన్నకుండెను. సైడెల్ తన రాణుల జతను నమ్మి సర్వస్వమును ఒడ్డి ఓడిపోయెను. ఆ దృశ్యము 1998లో 'రౌండర్స్' అను చలనచిత్రమున చేరి లోకమంతట పదే పదే ప్రదర్శితమైనది. ఇది దైవకృతమైన ఓటమి కాదు. ఎదుటివాని వలను గుర్తింపలేకపోయిన కర్త యొక్క ఓటమి.

2008 నాటి అదే ప్రధాన పోటీలో ఒక ఆటగానికి నాలుగు ఆసులు కుదిరినవి. అట్టి కూర్పును ఓడింపగలది ఒకే రంగులో అయిదు ముక్కల వరుస మాత్రమే. ఎదుటివాని చేత సరిగా అదియే, అందును సర్వోత్తమమైన రాయల్ ఫ్లష్, ఉన్నది. నాలుగు ఆసులవాడు పోటీ నుండి నిష్క్రమించెను. ఇచట అతడు దిద్దుకొనవలసినది ఏదియు లేదు. బయటివానికి ఈ రెండు ఓటములు ఒక్కటిగానే కనబడును; రెండింటను చిప్పులు పోయినవి. వివేకికి మాత్రము ఒకటి పాఠము, మరియొకటి ప్రసాదము. మొదటిదానిని విధియని తోసివేసినవాడు ఎన్నడును ఎదుగడు. రెండవదానిని తన అపరాధముగా మోసినవాడు ఎన్నడును నిదురింపడు.

సైడెల్ 1988 నాటి దృశ్యము చెంతనే ఆగిపోలేదు. 1992లో ఆయన తన తొలి ప్రపంచ పోకర్ కంకణమును గెలిచెను. అట్టివి నేటికి పది ఆయన సొంతము. దశాబ్దముల తరువాత ఆయన వద్దకు మరియా కొన్నికోవా అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు శిష్యురాలై వచ్చెను. ఆమెను కష్టములు ఒక్కమారుగా చుట్టుముట్టినవి: కారణము తెలియని రోగము, అవ్వ మరణము, తల్లికిని భర్తకును ఉపాధి నష్టము. జీవితమున తన చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అను ప్రశ్నయే ఆమెను పోకర్ వైపు నడిపినది. అంతకు మునుపు ఆమెకు పేకలో ఎన్ని ముక్కలుండునో కూడ తెలియదు. దురదృష్టముచే ఓడిన కథలను ఆమె చెప్పబోయినపుడు గురువు వినుటకు అంగీకరింపలేదు. ఫలము ఆయనకు అక్కరలేదు. ఆ క్షణమున ఆమె ఏమి తెలిసికొని, ఏమి యోచించి, ఏ నిర్ణయము తీసికొన్నదో అదియే ఆయనకు కావలెను. 2018లో ఆమె బహామాస్‌లో ఒక టోర్నమెంటును గెలిచెను. ఈ అనుభవమును 2020లో గ్రంథస్థము చేసెను.

కర్మయందే అధికారము, ఫలమునందు కాదు అను గీతార్థమును ఈ గురువు ఎన్నడైన చదివెనో లేదో అప్రస్తుతము. దురదృష్ట కథను నిరాకరించుటలోని సూక్ష్మము గ్రహింపదగినది. ఆ కథను చెప్పుకొనుచున్నంతసేపు మనస్సు పోయిన విషయమునే ధ్యానించుచున్నది. అనగా పతన సోపానమున తొలి మెట్టు మీదనే కూర్చున్నది. సానుభూతి చూపువారు ఎంతమంది దొరికినను ఆ మెట్టు దిగుటకు అది తోడ్పడదు.

దీనినుండి సాధకుడు గ్రహింపదగిన క్రమము సరళమైనది. దెబ్బ తగిలిన వెంటనే నిర్ణయము తీసికొనరాదు; కూర్మము అంగములను లోనికి ముడుచుకొన్నట్లు కొన్ని క్షణములు ఇంద్రియములను ఉపసంహరింపవలెను. ఉదయించిన కోపమును అణచక, దానిని చూచుచు ఉండవలెను. పిదప ఒక్క ప్రశ్న వేసికొనవలెను: నాడు తెలిసియున్న విషయములను బట్టి ఆ నిర్ణయము సరియైనదేనా? కానిచో లోపము మొదటి నాలుగు కారణములలో ఉన్నది. దానిని దిద్దుకొనుటయే ప్రాయశ్చిత్తము. అవునైనచో మిగిలినది అయిదవదానికి సమర్పణము. అటుపై తదుపరి ముక్కలను మొదటి ముక్కలవలెనే చూడవలెను. వానికి గతముతో సంబంధము లేదు.

ఇదే ప్రశ్న గెలుపునందును వేసికొనవలెను. పద్దెనిమిది శాతము అవకాశముతో నెగ్గినవాడు తన ప్రతిభను కొనియాడుకొనును. ఓడినవాడు విధిని దూషించును. ఇద్దరును చేయునది ఒకే దోషము. ఒకడు దైవభాగమును తన ఖాతాలో వ్రాసికొనెను, మరియొకడు తన భాగమును దైవము ఖాతాలో వ్రాసెను. గెలుపున కలవరపడనివాడే ఓటమిన నిలుచును. గెలుపు నాడు పెంచుకొన్న కర్తృత్వాభిమానమే ఓటమి నాడు పగిలి గాయపరచును.

ఈ విచారము పేకాటకు అనుమతి పత్రము కాదు. పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి; 2025లో పార్లమెంటు చేసిన చట్టము ఆ నిషేధమును దేశమంతటికిని విస్తరింపజేసినది. సంసారమును ఒడ్డి కూర్చున్నవానికి సమత్వము బోధించుట వ్యర్థము; అతనికి తొలి ఉపదేశము లేచి రమ్మనుటయే. పోగొట్టుకొనలేనిదానిని పణముగా పెట్టిన నాడే ధర్మరాజు ఓడెను. పాచికలు తరువాత పడినవి.

కాని పందెము లేని బ్రదుకు ఎవరికిని లేదు. రైతు విత్తనమును, వైద్యుడు విద్యను, తల్లి సమస్త జీవితమును అయిదవ కారణము ఎదుట ఉంచుచున్నారు. మేఘము రాకపోవచ్చును, ఔషధము పనిచేయకపోవచ్చును, బిడ్డ మాట వినకపోవచ్చును. అట్టి నాడు కన్నీరు వచ్చుట దోషము కాదు. కన్నీటిలోను తన భాగమేదో, తనది కాని భాగమేదో మరువకుండుట, మరునాడు మరల విత్తుటకు చేతులు వణకకుండుట, ఇదియే గీతాచార్యుడు యోగమని పిలిచిన సమత్వము.