జోసెఫ్ టేలర్ గొంతు

మెల్‌బోర్న్‌లో చదువుకునే తెలుగు పిల్లలు ఎందరో రాయల్ పెరేడ్ మీద ట్రామ్ ఎక్కి దిగుతుంటారు. ఆ రోడ్డు వారనే, యూనివర్సిటీ ఆవరణలో ఇటుక గోడల గ్రైంజర్ మ్యూజియం ఉంది. పాటంటే చెవి కోసుకునే మనవాళ్లు ఒక పూట తీరిక చేసుకుని చూడవలసిన చోటు.

స్వరకర్త పెర్సీ గ్రైంజర్ 1882లో ఈ ఊళ్లోనే పుట్టాడు. పదమూడేళ్లకే సంగీతం నేర్చుకోవడానికి తల్లి వెంట జర్మనీ వెళ్లాడు. తర్వాత లండన్, ఆపైన అమెరికా. అతనూ ప్రవాసే. అలాంటివాడి మనసు ఇంగ్లండులోని లింకన్‌షైర్ పల్లెపాటల మీద పడింది.

1905లో బ్రిగ్ అనే చిన్న ఊళ్లో పాటల పోటీ జరిగింది. అక్కడ డెబ్బై దాటిన జోసెఫ్ టేలర్ నోట గ్రైంజర్ ‘బ్రిగ్ ఫెయిర్’ విన్నాడు. పెద్దాయనకు గుర్తున్నవి రెండు చరణాలే. అయినా ఆ గొంతు అతన్ని వదల్లేదు. మరుసటి ఏడాది ఫోనోగ్రాఫ్ మోసుకుని మళ్లీ వచ్చాడు.

అప్పటికి ఇంగ్లండులో పాటల సేకరణంటే ఎక్కువగా విని కాగితం మీద స్వరం రాసుకోవడమే. గాయకుడు ఒక్కో చరణాన్ని ఒక్కోలా విరిచి పాడితే, తాళం పెంచినా తగ్గించినా, ఆ తేడాలు చాలావరకు కాగితం మీదికి ఎక్కేవి కావు. గ్రైంజర్ మైనపు సిలిండర్‌ను నెమ్మదిగా తిప్పి, మళ్లీ మళ్లీ విని, ఆ విరుపులన్నీ చరణం వారీగా రాసుకున్నాడు. పాట ఎంత ముఖ్యమో పాడిన మనిషీ అంతే ముఖ్యమన్నది అతని పట్టుదల.

1908లో గ్రామఫోన్ కంపెనీ టేలర్ చేతనే పాడించి రికార్డులు విడుదల చేసింది. 1937లో గ్రైంజర్ ‘లింకన్‌షైర్ పోజీ’ని బ్యాండు కోసం రాసి, తనకు పాడి వినిపించిన ఆ పల్లె గాయకులకే అంకితమిచ్చాడు. అందులో తాళం మాటిమాటికీ మారుతుంది. వాద్యగాళ్లకు చెమటలు పట్టించే ఆ నడక ఆ ముసలివాళ్ల గొంతుల నుంచి వచ్చిందే.

మన సర్వాయి పాపడి పాటను బాయిల్ దొర 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చువేయించాడు. మాటలు దక్కాయి, పాడినవాడి గొంతు దక్కలేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో మరి! మనకు ఆ అడ్డంకి లేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు నాట్ల పాటో, అప్పగింతల పాటో వచ్చిన పెద్దావిడ పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. దగ్గినా, చరణం మరిచినా ఆపకండి. ముందుగా పేరూ ఊరూ ఆమె నోటితోనే చెప్పించండి.