సిగ్నల్ ఉన్న సముద్రం

సియాటిల్‌లో అలాస్కా క్రూజ్ ఎక్కేముందు నేను మొదట సర్దుకున్నది లాప్‌టాప్. సెలవు పెట్టలేదు. "ఎక్కణ్ణుంచైనా పని చేసుకోవచ్చమ్మా, మా ఉద్యోగంలో ఉన్న సుఖమే అది" అని అమ్మతో గొప్పగా చెప్పాను.

ఒకప్పుడు ఓడల్లో ఇంటర్నెట్ సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల మీదుగా వచ్చేది. అడిగిన మాటకి జవాబు రావాలంటే అర సెకను పైనే పట్టేది. ఇప్పుడు స్టార్‌లింక్ ఉపగ్రహాలు అంతకంటే చాలా తక్కువ ఎత్తులోనే తిరుగుతున్నాయి. "సిగ్నల్ లేదండీ" అని తప్పించుకునే వీలు కూడా పోయింది.

గ్లేసియర్ బేలో, మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగింది. అమ్మ శాలువా కప్పుకుని కాబిన్‌లోకి పరుగున వచ్చింది. "ఒరే, రారా! మంచు విరిగి పడుతుంటే ఉరిమినట్టుంది!" నేను మీటింగులో ఉన్నాను, అదీ మ్యూట్‌లో. అయినా చెయ్యెత్తి ఆగమన్నాను. పైకి వెళ్ళేసరికి ఓడ వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో గానీ ఇల్లు చేరలేదు. 'కాశీయాత్ర చరిత్ర'లో ఆయన పరిశీలనని ఎన్నిసార్లు మెచ్చుకున్నానో! ఆయన ముందు సెలవు పుచ్చుకుని మరీ బయలుదేరారన్న సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

అమ్మ ఫోన్‌లో ఒక వీడియో ఉంది. నీలంగా మంచు గోడ. పక్కనున్న ఎవరో తెల్లావిడతో అమ్మ తెలుగులోనే చెబుతోంది: "మా అబ్బాయి వస్తాడు, ఇప్పుడే వచ్చేస్తాడు."