మత్తడి లేని నీళ్లు

సంక్రాంతి దాటిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. అందరి ప్రశ్నా ఒకటే: "ఏ బీచ్‌కు పోదాం?" నేను పుట్టింది చీరాలలో, మెట్టింది జగిత్యాల దగ్గర పల్లెలో. అందుకని మా అత్తవారి వైపు చుట్టాలకు సముద్రం సంగతి ఏది కావాలన్నా నేనే దిక్కు. పేరు చెప్పే ముందు నేను ఎదురు అడుగుతాను. ఎవరెవరు వస్తున్నారు? నీళ్లలో దిగాలా, ఒడ్డున కూర్చుంటే చాలా? చంటిపిల్లలున్నారా? మోకాళ్ల నొప్పులవాళ్లున్నారా? ఇవి తెలియకుండా బీచ్ పేరు చెప్పడం, రోగిని చూడకుండా మందు రాసివ్వడం లాంటిదే.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, చిన్నప్పుడు బడిలో బట్టీపట్టిన 974 కిలోమీటర్ల తీరం మనది. నీళ్లన్నీ బంగాళాఖాతానివే అయినా ఒడ్డు గుణం మాత్రం ఊరూరికీ మారుతుంది. ఒడ్డు వెనకాల ఏముందో చూస్తే ముందున్న సముద్రం సగం అర్థమవుతుంది. విశాఖ దగ్గర కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. యారాడకు మూడు వైపులా కొండలే, నాలుగో వైపు సముద్రం. కొండ మలుపు తిరగగానే కింద ఆ నీలం కనబడితే నోట మాట రాదు. కానీ కొండలున్న చోట ఒడ్డు వాలుగా ఉంటుంది, నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. యారాడ కళ్లారా చూసి రావలసిన చోటని నా అభిప్రాయం. స్నానానికి మాత్రం వద్దంటాను.

పిల్లలతో విశాఖ వెళ్లేవాళ్లకు ఋషికొండ చెబుతాను. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. ఆ జెండా కావాలంటే నీళ్లను పరీక్షించాలి, ప్రాణరక్షకులుండాలి, మరుగుదొడ్లుండాలి. అక్కడ బట్టలు మార్చుకునే గదులూ ఉన్నాయి. ఆ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు అదే పెద్దది. తడి చీరతో, ఒంటినిండా ఇసుకతో, అందరి ఎదుటా బస్సెక్కాల్సి వస్తుందని ఎంతమంది ఆడవాళ్లు ఒడ్డునే చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చుంటారో నేను చూశాను. ఒక మంచినీళ్ల కుళాయి, తలుపు గడియ పడే ఒక గది ఉంటే వాళ్లూ సముద్రంలో దిగుతారు.

ఆర్కే బీచ్ సాయంత్రం నడకకు బాగుంటుంది. 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఒడ్డునే మ్యూజియంగా ఉంది. పిల్లలు దాని ఇరుకు దారుల్లో తలవంచి నడవాలి, ఆ అనుభవం వాళ్లు మరచిపోరు. అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు కాళ్లకింది ఇసుక గురించి ఆలోచన వస్తుంది. మన తీరం వెంట ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ పోతుంది. ఓడరేవు కోసం సముద్రంలోకి గోడలు కడితే ఆ ఇసుక గోడకు దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్ అరిగిపోతుంది. అందుకే ఓడరేవులో తవ్వితీసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తూ వచ్చారు. మనం నడిచే ఆ ఒడ్డును కొంతమంది మనుషులు పనిగట్టుకుని నిలబెడుతున్నారు. కాకినాడ అవతల ఉప్పాడలోనైతే అలలు రోడ్డునూ ఇళ్లనూ కోసుకుపోతూనే ఉన్నాయి. జాందానీ చీర కొనడానికి ఆ ఊరు వెళ్లేవాళ్లు ఒక్కసారి ఒడ్డుదాకా నడిచి, ఆ ఊరు దేనితో పోరాడుతోందో చూసి రావాలి.

కృష్ణా డెల్టాకు వస్తే మచిలీపట్నం దగ్గర మంగినపూడి. అక్కడ ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. ఫొటోలు చూసి మోజుపడినవాళ్లు ఆ బురద నీళ్లను చూసి పెదవి విరుస్తారు. నది తెచ్చిన మట్టి మీద నిలబడ్డామని తెలిస్తే అలా విరవరు.

హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగేవాళ్లకు బాపట్ల పక్కన సూర్యలంక, చీరాల పక్కన వాడరేవు దగ్గర. వాడరేవు నా చిన్ననాటి సముద్రం. అక్కడ అలివి వల లాగే పెద్దాయన ఒకరు మా నాన్నకు తెలుసు. నాకు పదేళ్లప్పుడు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ అందరికీ అప్పజెబుతుంటాను: "అలలు విరిగేచోట ఆడుకో తల్లీ, విరగని చోట దిగమాక." ఒడ్డున నిలబడి చూడండి. వరసగా తెల్లగా నురగ విరుగుతుంటుంది. మధ్యలో ఒకచోట నురగ ఉండదు, నీళ్లు నునుపుగా, కాస్త మట్టిరంగులో ఉంటాయి. ప్రశాంతంగా ఉందని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో పడ్డవాళ్లు ఒడ్డుకేసి ఎదురీది అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ దారి దాటితే అలలే తిరిగి తెచ్చి పడేస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక ఏటా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోతున్నాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఏ ఊరి బీచ్‌కు వెళ్లినా వల బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్లి "ఇవాళ నీళ్లెలా ఉన్నాయి, ఎక్కడ దిగొచ్చు?" అని అడగండి. వద్దంటే దిగకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డున మాట్లాడే తీరిక కూడా వాళ్లకు ఎక్కువే.

ఇన్ని తెలిసిన నాకు మా అత్తమ్మ కోసం బీచ్ ఎంచడం మాత్రం చేతకాలేదు. డెబ్బై దగ్గరపడ్డా ఆమె సముద్రం చూడలేదు. ఋషికొండ అన్నాను. సూర్యలంక అన్నాను, రైలు దిగితే పది కిలోమీటర్లు కూడా లేదన్నాను. అన్నీ విని, "మన గోదారి యాడ కలుస్తదో గాడికి తీస్కపో బిడ్డా" అంది. 2015 పుష్కరాల్లో ధర్మపురిలో మునిగి, దీపం వదిలిన మనిషి ఆమె. ధర్మపురిలో గోదావరి ఒడ్డున ఉన్నది నరసింహస్వామి. ధవళేశ్వరం దిగువన వశిష్ఠ పాయ వెంటే వెళ్తే చివర అంతర్వేదిలోనూ నరసింహస్వామే. ఇన్నేళ్లలో ఈ రెంటినీ కలిపి చూడాలని నాకు తోచనే లేదు.

మాఘం మొదలైన రెండోరోజు వెళ్లాం. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగేదాకా అత్తమ్మ కటకటాలు పట్టుకుని నిలబడే ఉంది. స్వామి కల్యాణానికి ఇంకా వారం ఉంది. వీధిలో కొట్ల కోసం కర్రలు పాతుతున్నారు. రాత్రి సత్రంలో పడుకుని పొద్దున్నే, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టుకు చేరాం. నది మొగ దగ్గర స్నానం మంచిది కాదు. పైకి నిశ్చలంగా కనిపించినా అడుగున నీళ్లు రోజుకు రెండుసార్లు లోపలికీ, రెండుసార్లు బయటికీ పరుగెత్తుతుంటాయి. అమావాస్య, పున్నమి దగ్గరి రోజుల్లో ఆ జోరు మరీ ఎక్కువ. ఈ మాట ఆమెకు ముందే చెప్పి ఒప్పించాను. పాదాలు తడుపుకుని, ఇత్తడి చెంబుతో నీళ్లు ముంచి నెత్తిన చల్లుకుంది.

తర్వాత సముద్రం వైపు తిరిగి చాలాసేపు చూసింది. నిలిచి ఉండే పెద్ద నీళ్లంటే ఆమెకు తెలిసినవి చెరువులే. ఏ చెరువుకైనా కట్ట ఉంటుంది, నిండితే నీళ్లు పొంగిపోయే మత్తడి ఉంటుంది.

"గింత నీళ్లకు మత్తడి ఏడున్నది బిడ్డా?"

"లేదు అత్తమ్మా, ఇదే చివర" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఇసుకలో కూర్చుని నది వైపే చూస్తూ ఉంది. పోటు మొదలై కొంతసేపయింది. ఒక ఎండిన కొబ్బరిమట్ట సముద్రం వైపు నుంచి తేలుతూ వచ్చి, మా ముందు నుంచే నదిలోకి, ఎగువకు సాగిపోయింది. దాని వెనకే నురగ, ఆ వెనక కొన్ని ఆకులు. అత్తమ్మ నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"సూడు బిడ్డా, గోదారి ఎనుకకు పోతాంది. మనూరి దిక్కే పోతాంది."