బొగ్గుట్టలో న్యూకాజిల్

మా ఇల్లందును చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బొగ్గుట్ట అనే పిలిచేవాళ్లు. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది అక్కడే. మా క్వార్టర్ల వరసలో పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ బొగ్గు పొయ్యి రాజేసేవాళ్లు. చిక్కటి పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కణకణలాడాకే పొయ్యి వంటింట్లోకి వచ్చేది. నాన్న 21 ఇంక్లైన్‌లో పనిచేసేవాడు. మా దగ్గర గని అని ఎవరూ అనరు, బాయి అంటారు.

ఎనిమిదో తరగతిలో ఇంగ్లిష్ సారు ఒకరోజు బోర్డు మీద 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' అని రాశారు. అర్థం చెప్పలేదు. టైన్ నది ఒడ్డున ఆ ఊరుందనీ, వందల ఏళ్లు అక్కణ్నుంచే లండన్‌కు ఓడల్లో బొగ్గు వెళ్లేదనీ చెప్పి ఊరుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "బొగ్గుట్టకు బొగ్గు మోసినట్టా సార్?" అంది. సారు మొహం వెలిగిపోయింది. గైడులో ఉన్న 'వ్యర్థ ప్రయాస' ఆ జవాబు ముందు ఎంత చప్పగా ఉందో! పాత గ్రీకులు ఇదే సంగతిని ఏథెన్స్‌కు గుడ్లగూబలు తీసుకెళ్లడం అనేవాళ్లని తర్వాతెప్పుడో చదివాను. ఆ ఊరి వెండి నాణేల మీద కూడా గుడ్లగూబే ఉండేదట. ఎవరి ఊళ్లో ఏది కుప్పలుగా ఉంటే దాన్నిబట్టే మాట పుడుతుంది.

ఆ రోజు నుంచి మాకదే ఆట. పెనం మీంచి పొయ్యిలో పడటం రెండు భాషల్లోనూ ఒకటే. పని చేతకానివాడు పనిముట్లతో తగువు పెట్టుకుంటాడని వాళ్లంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మేం అందించేవాళ్లం. 'బ్రేక్ ది ఐస్' దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. సోడా బండి మీద రంపప్పొట్టు కప్పిన ఐసు ముక్క తప్ప గడ్డకట్టిన నదిని మాలో ఎవరు చూశారు గనక? సారు ఏదో ఒక సామెత తెచ్చి అతికించలేదు, వదిలేశారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు అన్న మాట వచ్చినప్పుడు క్లాసంతా ఒక్కసారే "తాతకు దగ్గులు నేర్పినట్టు" అని అరిచింది. జత సరిగ్గా కుదిరింది. మా ఇంట్లో మాత్రం ఆ సామెత చెల్లేది కాదు. బాయిలో తట్టలతో బొగ్గెత్తి రిటైరైన తాత రాత్రుళ్లు నులకమంచం మీద కూర్చునే దగ్గేవాడు. ఆయన వినేలా ఆ మాటంటే అమ్మ ఊరుకునేది కాదు. "హనుమంతుడి ముందు కుప్పిగంతులు అనరాదురా, అర్థం అదేగా" అనేది.