“ఇల్లు” అన్నందుకు సున్నా

కోవై పక్క వాళ్లూ మదురై పక్క వాళ్లూ చదువుతారు కాబట్టి ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

పోయిన నెల స్కాలర్‌షిప్ జాబితాలో మా కోడలి పేరు ఎదురుగా “బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్” అని చూసి నలుగురు ఫోన్ చేశారు. ఒక తమ్ముడు, “ఆయా పనికి కూడా డిగ్రీ వచ్చేసిందా అన్నా?” అని నవ్వాడు. ఒక అక్కయ్య గొంతు తగ్గించి, “ఆ చదువు ఎందుకు ఎత్తుకున్నారు? రేపు మీ మనవరాలికి సంబంధాలు చూసేటప్పుడు ఇంట్లో ఏముందని అడగరా?” అంది. ఇద్దరూ మా మంచి కోరేవాళ్లే. ఫోన్‌లో చెప్పేంత చిన్న సంగతి కాదని ఇక్కడ రాస్తున్నాం.

ఇంట్లో ఏముందో ముందే చెప్పేస్తాం. మా మనవడికి డౌన్ సిండ్రోమ్. అందరికీ 21వ క్రోమోజోమ్ రెండు ఉంటే వాడికి మూడు. ఇది ఎవరి పాపమూ కాదు, మేనరికం వల్ల వచ్చిందీ కాదు. ఇప్పుడు ఆరేళ్లు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యం.

మాట కోసం కొడుకూ కోడలూ వాణ్ణి ఒక సెంటర్‌కు తీసుకుపోయారు. అక్కడ మొదట చెప్పింది ఏమంటే, ఇంట్లో రెండు భాషలు వద్దు, తెలుగు ఆపేయండి, తమిళం ఒకటే మాట్లాడండి అని. మా ఇంట్లో పెద్దది మా అమ్మ, వాడికి ముత్తవ్వ. ఆమెకు అంగట్లో బేరానికి తమిళం వస్తుంది, బిడ్డను ఒళ్లో వేసుకుంటే రాదు. ఆ రోజు నుంచి ఆమె వాడి ముందర నోరు మూసుకుంది. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడుతుంది, మాట లేదు. వాడేమో ఆమె గడ్డం పట్టుకుని ఊపేవాడు, పలకమని.

అదే సెంటర్‌లో బొమ్మలు చూపించి పరీక్ష పెట్టారు. ఇంటి బొమ్మ చూపించి ఏమిటని అడిగితే వాడు “ఇల్లు” అన్నాడు. అడిగిన పిల్లకు అది తమిళంలో “ఇల్లె” అని వినిపించింది. తెలియదంటున్నాడని సున్నా వేసింది. పిల్లి బొమ్మకు “పిల్లి” అంటే, పిల్లను “పిళ్ళె” అంటున్నాడని అదీ తప్పే. ఆ పిల్లను తప్పు పట్టడం లేదు, ఆమెకు మన భాష ఎట్లా తెలుస్తుంది? కానీ రిపోర్టులో మాత్రం వాడికి పేర్లు రావని అచ్చయింది. ఆ కాగితం చూసి మా కోడలు, “తెలుగు ఆపమన్నారు సరే మామయ్యా, ఎందుకో చెప్పలేదే” అంది. ఆ ఎందుకు కోసమే ఆమె ఈ చదువులో చేరింది.

ఆయా పని అన్న తమ్ముడి కోసం ఆ చదువు ఎట్లా ఉంటుందో ఒకటి చెప్తాం. చొక్కా బొత్తాం పెట్టుకోవడం నేర్పాలి. మనకు అది ఒక పని. ఆమె నోటుబుక్కులో అది పది, పన్నెండు పనులు. బొత్తాం పట్టుకోవాలి, రంధ్రం వెతకాలి, అంచు దూర్చాలి, అవతల వేలితో అందుకోవాలి, లాగాలి. చివరిది ముందు నేర్పుతారు. అంటే మిగతావన్నీ మనం చేసి పెట్టి, ఆఖరున లాగడం మాత్రం బిడ్డకు వదిలిపెట్టాలి. పని పూర్తి చేసిన సంతోషం వాడికి మొదటి రోజే దొరుకుతుంది. అది కుదిరాక దానికి ముందు మెట్టు, ఆ తర్వాత దాని ముందుది. ఇట్లా ఒక్కో బిడ్డకూ వేరువేరుగా ప్రణాళిక రాస్తారు, ఐఈపీ అంటారు. చెన్నైలో తయారైన మెడ్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అనే పట్టీ ఒకటుంది. తినడం, బట్టలు వేసుకోవడం, విని అర్థం చేసుకోవడం, నోటితో చెప్పడం, ఇట్లా 18 విభాగాలు, ఒక్కొక్కదాంట్లో 20 అంశాలు, మొత్తం 360. బిడ్డను పక్కన కూర్చుని చూడాలి, తల్లిని అడగాలి, టిక్కు పెట్టాలి. రైల్వేలో గూడ్స్ లెక్కలు చూసిన మాకే ఆ రికార్డులు చూస్తే తల తిరుగుతుంది.

భాష సంగతి ఇక్కడే వస్తుంది. తెలివి కొలవడానికి వాడే బినె–కామత్ పరీక్షను కామత్ గారు కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల కోసమే కదా కుదిర్చారు. బినె గారు ఫ్రెంచిలో చేసింది తన పిల్లలకు పనికిరాదనే ఆయన ఆ శ్రమ పడ్డారు. అంటే బిడ్డను బిడ్డ భాషలోనే అడగాలన్నది ఈ శాస్త్రంలో పాత మాట, మా కోడలు కనిపెట్టింది కాదు. ఇంట్లో రెండు భాషలుంటే ఇట్లాంటి బిడ్డకు మాట ఇంకా వెనకబడుతుందన్న భయం కూడా నిలబడలేదు. 2005లో కెనడాలో డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద జరిగిన పరిశోధనలో, రెండు భాషల ఇళ్లలో పెరిగినవాళ్లు ఇంగ్లీషులో ఒక్క భాష పిల్లలకంటే తక్కువ పోలేదు, పైగా రెండో భాషా కొంత వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల మీద తర్వాత జరిగిన పరిశోధనలూ ఇదే పక్కన ఉన్నాయి. కోడలు ఇది చదివి వచ్చిన సాయంత్రం ముత్తవ్వ దగ్గర కూర్చుని చెప్పింది. ముసలామె అంతా విని, “దీనికి కెనడా దాకా పోవాల్నా?” అంది.

తర్వాత కోడలు అవే బొమ్మలు పెట్టుకుని, తెలుగు మాట వచ్చినా తమిళ మాట వచ్చినా పేరు వచ్చినట్టే అని లెక్కవేసింది. మొదటి రిపోర్టులో తొమ్మిది పేర్లు. ఈమె లెక్కలో ముప్పై నాలుగు. బిడ్డ ఒకడే, బొమ్మలు అవే. స్కూల్లో తమిళం నేర్పాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. మేమూ తమిళంలో చదివినవాళ్లమే. తెలుగు అక్షరం మాకు పలక మీద రాలేదు, డ్యూటీ మీద పోతూ గూడూరు, రేణిగుంట బోర్డులు చూసి వచ్చింది. అయినా విశ్వనాథ నాయకుని కాలం నుంచి, అంటే 1529 నుంచి లెక్కేసుకున్నా, ఈ మాట బడి లేకుండానే ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి వచ్చింది. మా ఇంట్లో అది ఈ బిడ్డ దగ్గర ఎందుకు ఆగాలి?

ఇక గొంతు తగ్గించిన అక్కయ్యకు. మదురై వాళ్లకు చెప్పనక్కర్లేదు, కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. ఆ వేళ్ల గురించి ఏ సభలోనైనా గర్వంగా చెప్పుకుంటాం. మన ఇంటి బిడ్డ సంగతి వస్తే గొంతు తగ్గుతుంది. మేము బుకింగ్ కౌంటర్‌లో కూర్చున్న రోజుల్లో, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని ఇట్లాంటి బిడ్డలకు స్లీపర్‌లో 75 శాతం రాయితీ, తోడు వచ్చేవాళ్లకూ అంతే. ఆ ఫారంలో రాసి ఉన్న పదం క్యూలో వెనకవాళ్లకు వినపడుతుందని, పూర్తి డబ్బు కట్టి పోయిన మనవాళ్లను ఎంతమందినో చూశాం. సంబంధం చూసేవాళ్లు అడిగితే మా కోడలే చెప్తుంది, వివరంగా చెప్తుంది. విని లేచిపోయే సంబంధం పోనీండి.

చేరాలనుకునే పిల్లలకు రెండు మాటలు. కోవైలో ఆడపిల్లలకు అవినాశిలింగంలో స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగం ఉంది. పెరియనాయక్కన్‌పాళయం రామకృష్ణ మిషన్ విద్యాలయంలోనూ ఉంది. ఎక్కడ చేరినా ఫీజు కట్టకముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో మీ కళ్లతో చూడండి. 1992 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో నంబరు ఉంటేనే ఈ పని చెయ్యాలి, అనుమతి లేని కోర్సుకు ఆ నంబరు రాదు. జీతం గొప్పగా ఉంటుందని చెప్పం. ఒప్పంద ఉద్యోగాలే ఎక్కువ. కానీ అవసరం ఉంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రాథమిక తరగతుల్లో ఇట్లాంటి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. అంతమంది టీచర్లు ఏ బడిలో ఉన్నారో మీ ఊళ్లో మీరే చూడండి. వాళ్లలో “ఇల్లు” అంటే ఇల్లు అని అర్థమయ్యేవాళ్లు ఇంకెంతమంది?

కమిటీ పెద్దలకు ఒక మనవి. మా కోడలి పేరు జాబితాలోంచి తీసేయండి, ఆ ఫీజు మా పెన్షన్‌లోంచి కట్టుకుంటాం. ఇంజనీరింగ్, మెడిసిన్, సీఏ పక్కన ఆ కోర్సు పేరు మాత్రం ఉంచండి. తిరుమంగళం పక్క నుంచి ఇద్దరు ఆడపిల్లలు ఇప్పటికే అడిగారు, ఒకరు డిగ్రీ ఆఖరి సంవత్సరం. పుస్తకాలు, రికార్డులు చూడాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున మా ఇంటికి రావచ్చు. పదకొండు దాటితే కోడలు రాతపనిలో కూర్చుంటుంది, అప్పుడు మమ్మల్ని కూడా లోపలికి రానివ్వదు.